పూలకూజాలో మైకు

వెర్నా టిల్లీ ఇంట్లో రేడియో గొంతు ఎవరూ తగ్గించకూడదు. కట్టేస్తే కట్టేయండి, చెవులు చిల్లులు పడేలా పెడితే పెట్టండి, ఆమెకి అభ్యంతరం లేదు. మెల్లమెల్లగా తగ్గించారో, చేతిలో ఏ పని ఉంటే అది అక్కడే ఆగిపోయేది. ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. చుట్టుపక్కల వాళ్ళు పాపం వినికిడి లోపం అనుకునేవాళ్ళు. లోపమూ లేదు, పాడూ లేదు. అదెందుకో తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు నోరా డగ్గన్. కల్వర్ సిటీలో ఒక స్టూడియోలో హీరోయిన్లకి బట్టలు తొడిగి, బొత్తాలు పెట్టి, వాళ్ళ ఏడుపులకి రుమాళ్ళు అందించి బతికినదాన్ని. వెర్నాది కంటిన్యుటీ పని. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య కాఫీ కప్పు కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారిపోకుండా, టోపీ పక్కకి ఒరిగిపోకుండా చూసుకోవడం. నెబ్రాస్కా మొక్కజొన్న పొలాల్లోంచి వచ్చిన మనిషి. ఎవరికీ జంకేది కాదు. ఒకసారి పెద్ద హీరో చొక్కా బొత్తాం పెట్టుకోకుండా సెట్లోకి వస్తే, అందరిముందూ, "పొట్ట బయటికొచ్చింది సార్, పరువు కూడా బయటికి రాకముందే పెట్టేసుకోండి" అంది. మిస్టర్ కెస్లర్ లాంటి నోటిదురుసు డైరెక్టర్ కూడా ఆమె కాదంటే గొణుక్కుంటూ మళ్ళీ తీసేవాడు.

మొగుడు ఆర్విన్ అదే స్టూడియోలో ఆపరేటర్. నిన్న తీసిన ముక్కలన్నీ ఇవాళ మధ్యాహ్నం చిన్న హాల్లో వేసి చూస్తారే, ఆ రషెస్ వేసేది అతనే. మాట్లాడితే పన్ను కట్టాలేమో అన్నట్టుండేవాడు. వాళ్ళకి ఆరేళ్ళ పిల్ల, రోవీనా. రోవీ అనేవాళ్ళం. వెర్నాకీ అత్తగారికీ ఒక్క క్షణం పడేది కాదు. అందుకని అప్పుడప్పుడూ ఆదివారాలు ఆర్విన్ పిల్లని కార్లో ఎక్కించుకుని బేకర్స్‌ఫీల్డ్‌లో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. యుద్ధం అయిపోయిన మరుసటేడు సంగతి ఇది.

అప్పుడు మేం తీస్తున్న సినిమా ఒకటి ఏడ్చింది. ఒక జడ్జి భార్య, పియానో బాగు చేయడానికి వచ్చినవాడితో ప్రేమలో పడుతుంది. మా వాళ్ళ సినిమాల్లో మొగుణ్ణి కాదన్న ఆడది ఆఖరి రీల్లో చచ్చి తీరాలి, లేకపోతే సెన్సారు వాళ్ళు ఒప్పుకోరు. ఈవిడని రైలు కింద పడేద్దామా, క్షయ తెప్పిద్దామా అని పైవాళ్ళు వారం రోజులు వాదించుకున్నారు. పియానోవాడికి మాత్రం ఏమీ కాదు. గడ్డం గీసుకుని ఇంకో ఊరికి పోతాడు.

క్లైడ్ బాసెట్ ఆ సినిమాకి కెమెరా అసిస్టెంటు. టేపు పట్టుకుని లెన్సు నుంచి నటుల ముక్కు దాకా దూరం కొలవడం అతని పని. నేవీలోంచి వచ్చాడు, ఎండలో కందిన ముఖం, ఏ మాటకైనా నవ్వించే రకం. వెర్నా నవ్వింది. నవ్వుతో ఆగితే నేనిది చెప్పేదాన్నే కాదు. నాకు తెలిసేసరికే రెండు ఆదివారాలు గడిచాయి.

"నీకేం తక్కువే?" అని నిలదీశాను.

"ఏం తక్కువో తెలిస్తే వెళ్ళి కొట్లో కొనుక్కునేదాన్ని కదా."

"ఆర్విన్ బంగారం లాంటి మనిషి."

"బంగారమే. బీరువాలో పెట్టుకోవచ్చు. నేనింట్లో ఉన్నానో లేనో ఆ మనిషికి తెలుస్తుందో లేదో నాకే తెలీదు నోరా."

నాకు ఒళ్ళు మండింది. మండినా ఏం చెప్పను? వినే స్థితిలో ఉంటేగా.

బుధవారంనాడు రైలు పెట్టె సీను తీశాం. ప్రేమికులు విడిపోయే సీను. సగం కోసిన రైలు పెట్టె, ఎదురెదురుగా రెండు సీట్లు, కిటికీ దగ్గర చిన్న బల్ల, దానిమీద కాగితం పూలు పెట్టిన కూజా. మా హీరోయిన్ మిస్ ఆష్‌బీ గుసగుసగా మాట్లాడాలి. కర్రకి కట్టిన మైకు ఆ ఇరుకులోకి దూరలేదు. అందుకని సౌండు వాళ్ళు కూజాలో పూల మధ్యన ఒక మైకు దాచి, వైరు బల్ల కిందనుంచి లాగారు. పొద్దున ఆ పని జరుగుతుంటే వెర్నా పక్కనే ఉంది. కాగితం పూలలో ఒకటి వంగితే తనే సరిచేసింది కూడా.

క్లాప్ కొట్టారు. కొట్టగానే మిస్ ఆష్‌బీకి తుమ్మొచ్చింది. ఒకటి కాదు, వరసగా. ఎడమచేతి గ్లవ్వు ఊడి బల్లమీద పడింది. ఆ చేతికి పెళ్ళి ఉంగరం ఉంది, ఈ సీన్లో అది కనిపించకూడదు. నేను రుమాలు పట్టుకుని పరిగెత్తి ఆవిడని పెట్టె బయటికి తీసుకొచ్చాను.

"కట్ చెప్పడం లేదు," అన్నాడు కెస్లర్. "కెమెరా నడవనీండి. ఆవిడ మూడ్ పోకముందే సర్దేయండి."

వెర్నా లోపలికి వెళ్ళి గ్లవ్వు తీసుకుని ఎక్కడిదాకా తొడగాలో చూస్తోంది. దూరం మళ్ళీ కొలవడానికి క్లైడ్ కూడా వెళ్ళాడు. అంతమంది చూస్తుండగా ఇద్దరి తలలూ ఆ బల్లమీద దగ్గరికొచ్చాయి. పెదవులు కదిలాయి. బయట నిలబడ్డవాళ్ళకి ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత మిస్ ఆష్‌బీ వెళ్ళి కూర్చుని, ఏనాడూ ఏడవనంత నిజంగా ఏడ్చింది. సెట్లో లైట్లు మోసేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది చాలు," అన్నాడు కెస్లర్. "ప్రింటు వేయించండి. ఇంకో టేకు అక్కర్లేదు."

సౌండు కుర్చీలోంచి ఒకతను వచ్చి, కూజాలో చెయ్యి పెట్టి మైకు పైకి లాగాడు. వెర్నా అది చూసింది. చేతిలో పెన్సిలు కింద పడింది. వంగి తీసుకోవాలని కూడా తోచలేదు ఆమెకి.

బట్టల గదిలోకొచ్చి తలుపేసి, కోట్లు వేలాడే చోట నేలమీద కూలబడింది. అప్పుడు చెప్పింది, ఏమన్నదో. ఆదివారం ఆర్విన్, పాప ఊరెళ్తున్నారు, వంటింటి తలుపు గడియ వెయ్యను, అటునుంచి రా అని ఆమె. మీ ఆయనకి అనుమానం రాలేదు కదా అని క్లైడ్.

"దానికి నువ్వేమన్నావు?"

తల దించుకుంది. "పక్కన బాంబు పడ్డా ఆ మనిషికి తెలీదు అన్నాను."

మైకు పెట్టినవాళ్ళ గురించి నాకు బెంగ లేదు. సౌండు వాళ్ళు చెవులకి డబ్బాలు తగిలించుకుని ఎన్ని వినలేదు, ఎందరివి వినలేదు. విని ఊరుకోవడమే వాళ్ళ వృత్తి. కానీ ఆ మాటలు ఇప్పుడు ఫిల్ము మీదున్నాయి. ఫిల్ము అప్పటికే కడగడానికి వెళ్ళిపోయింది. రేపు మధ్యాహ్నం పాతికమంది ముందు హాల్లో పడుతుంది. అంతకంటే ముందు, పొద్దున్నే ఖాళీ హాల్లో ఆర్విన్ ఒకసారి వేసి చూసుకుంటాడు. రోజూ చేసేదే.

"ఉద్యోగం పోతే పోయిందిలే," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఉద్యోగం ఎవడిక్కావాలి నోరా? రోవీ. కోర్టుకెళ్తే రోవీని నాకిస్తారా? నా గొంతే నా మీద సాక్ష్యం చెబుతుంది."

ఇవ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మేకప్ చేసే హేజెల్‌కి కిందటేడే అలా అయింది. కొడుకుని చూడాలంటే మాజీ అత్తగారి గుమ్మంలో నిలబడి పిలుపు కోసం ఎదురుచూసేది. నాకూ భయం పట్టుకుంది.

భయంలో మనిషి చేసే పని ఎప్పుడూ బాగుపడదు. కాసేపటికి లేచి ముఖం కడుక్కుని, నేను వద్దంటున్నా వినకుండా, తిన్నగా కెస్లర్ దగ్గరికి వెళ్ళింది. ఆ టేకులో గ్లవ్వు తప్పుగా ఉంది, పనికిరాదు, మళ్ళీ తీయాలి అని చెప్పింది. ఆమె ఉద్యోగంలో చెప్పిన మొదటి అబద్ధం అదే.

కెస్లర్ ఆమెని ఎగాదిగా చూశాడు. "ఆష్‌బీ అలా మళ్ళీ ఏడవాలంటే ఎవరో ఒకళ్ళు చావాలి. తప్పు ఎక్కడుందో నా కళ్ళతో చూస్తాను." ఎడిటర్ గదికి ఫోన్ చేసి, "ఆ టేకు ముందు భాగం కత్తిరించొద్దు. క్లాప్ దగ్గర్నుంచి మొత్తం కావాలి. గ్లవ్వు సర్దడం అంతా కనపడాలి," అన్నాడు.

మామూలుగా అయితే ఎడిటరు అసిస్టెంటు ఆ తుమ్ములూ సర్దుడూ అంతా కోసి చెత్తబుట్టలో పడేసేవాడు. ఆ మాటలు ఎవరి చెవినా పడకుండా పోయేవి. పెన్సిలు కింద పడేసరికి ఆ మాత్రం కూడా ఆలోచించలేకపోయింది, ఇరవై సినిమాలు చేసిన మనిషి. క్లైడ్‌కి చెబుదామంటే అతన్ని అప్పటికే ఎడారిలో రైలు షాట్లు తీయడానికి పంపేశారు. ఆదివారం దాకా రాడు. ఏమీ తెలియకుండా తిన్నగా వెర్నా ఇంటికే వస్తాడు.

మర్నాడు పొద్దున హాలు వైపు వెళ్ళే వరండాలో ఆర్విన్ మాకెదురయ్యాడు. రీళ్ళ డబ్బాలు చంకలో ఉన్నాయి. రోజూలాగే నాకు తల ఊపాడు. వెర్నా వైపు చూశాడా లేదా అని రోజంతా ఆమె నన్ను అడుగుతూనే ఉంది. నాకు తెలీలేదు. మిషన్ల చప్పుడులో గుసగుస వినపడి ఉండదులే అని నేను, పడి ఉండదు కదూ అని ఆమె.

మధ్యాహ్నం హాలు నిండింది. కెస్లర్ ముందు వరసలో, మేం వెనకవైపు. నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. దీపాలు ఆరాయి. తెరమీద క్లాప్ పడింది. తుమ్ములు వినపడ్డాయి, అందరూ నవ్వారు. కట్ చెప్పడం లేదన్న కెస్లర్ గొంతు వినపడింది. తెరమీద వెర్నా వీపు, క్లైడ్ చెయ్యి, టేపు. ఇద్దరి తలలూ కూజా మీదికి వంగాయి. వెర్నా గోళ్ళు నా చర్మంలో దిగబడ్డాయి.

అప్పుడు చప్పుడు తగ్గింది. ఠక్కున పోలేదు. ఎవరో మీట పట్టుకుని నిదానంగా కిందికి దింపుతున్నట్టు మెల్లమెల్లగా తగ్గి, పూర్తిగా ఆగిపోయింది. తెరమీద పెదవులు కదులుతున్నాయి. హాల్లో దగ్గు కూడా లేదు. వాళ్ళిద్దరూ తలలెత్తి పక్కకి తప్పుకున్నాక చప్పుడు మళ్ళీ అంతే నిదానంగా పైకొచ్చింది. మిస్ ఆష్‌బీ ఏడవడం మొదలుపెట్టింది.

"మధ్యలో సౌండుకేమైంది?" అని అరిచాడు కెస్లర్.

వెనక గదిలోంచి ఆర్విన్ గొంతు వచ్చింది. "మొదట్లో చిన్న లోపం సార్. అక్కడ ముఖ్యమైన మాటలేం లేవు."

గ్లవ్వు సరిగ్గానే ఉందని తేలింది. కెస్లర్ వెనక్కి తిరిగి, నీకు కళ్ళద్దాలు కావాలమ్మాయ్ అన్నాడు. అందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వడానికి ప్రయత్నించింది. ఆమెని కాపాడినవాడు ఎవరో, అతనికెంత తెలుసో ఒక్క దెబ్బతో అర్థమైపోయింది. ఏ మాట దగ్గర మొదలై ఏ మాట దగ్గర ఆగాలో తెలియాలంటే, ఆ ముక్క ఒకసారి కాదు, చాలాసార్లు విని ఉండాలి. ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని.

రోజూ నేను వాళ్ళ కార్లోనే ఇంటికి వెళ్ళేదాన్ని. ఆరోజు ట్రామ్‌లో పోతానంటే వెర్నా కళ్ళతోనే బతిమాలింది. ముందు సీట్లో వాళ్ళిద్దరూ, వెనక నేను. దారిపొడుగునా ఒక్క మాట లేదు. అతను ఎప్పుడూ మాట్లాడడు కాబట్టి దాన్నిబట్టి ఏం అనుకోవాలో తెలీదు. అదే ప్రాణం తీసింది. అరిచేవాడితో వేగొచ్చు. ఇంటి ముందు కారాపి, తాళం చెవి తిప్పి, ఎదురుగా అద్దంలోంచి చూస్తూ అన్నాడు.

"ఆదివారం నేనూ రోవీ మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాం."

"చెప్పావుగా," అంది వెర్నా.

"వంటింటి తలుపు గడియ వేసుకో. ఈమధ్య వీధిలో ఎవరెవరో తిరుగుతున్నారు."

ఆదివారం పొద్దున వెర్నా ఫోన్ చేసి రమ్మంది. నేను వెళ్ళేసరికి వాళ్ళు బయల్దేరిపోయారు. వంటింట్లో కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుని ఉంది. తలుపు గడియ వేసే ఉంది.

"చలికోటు తీసుకెళ్ళాడు నోరా."

"ఎవరిది?"

"రోవీది. చలికోటు, కొత్త బూట్లు, బొమ్మ. మే నెలలో చలికోటెందుకు? సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళకి బూట్లెందుకు?"

"అడగలేకపోయావా?"

"నోరు రాలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను? రోవీ కారెక్కి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను."

కాఫీ కాచాను. ఇద్దరం తాగలేదు. మధ్యాహ్నం దాటాక పెరట్లో గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడైంది. జాలీ తలుపు కిర్రుమంది. తలుపు పిడి సగం తిరిగి ఆగింది. మళ్ళీ తిరిగింది.

"వెర్నా?" అన్నాడు క్లైడ్, మెల్లగా, నవ్వుతున్న గొంతుతో.

వెర్నా లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి గడియ మీద పెట్టింది. తీసేస్తుందనుకున్నాను. ఆపే హక్కు నాకుందో లేదో కూడా తెలీలేదు. ఆమె తీయలేదు. గడియ కదిలి చప్పుడు చేయకుండా దాన్ని బిగించి పట్టుకుంది. బయట అతను తలుపుమీద ఒక్క వేలితో కొట్టాడు, ఆగాడు, ఏదో గొణుక్కుని వెళ్ళిపోయాడు. కారు చప్పుడు దూరమయ్యేదాకా ఆమె గడియ మీంచి చెయ్యి తీయలేదు.

"ఆర్విన్ నిజంగా ఊరెళ్ళాడంటావా?" అంది. "వీధి చివర ఎక్కడో కూర్చుని చూస్తున్నాడేమో."

"పిల్లని పక్కన పెట్టుకుని ఏ మగాడూ అలా కూర్చోడు," అన్నాను. ఆ మాట నాకే నమ్మకంగా లేదు. ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక రేడియో పెట్టాను.

చివరికి ఆగలేక బేకర్స్‌ఫీల్డ్‌కి ఫోన్ కలపమంది. అత్తగారితో తనంతట తను మాట్లాడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. నేను రిసీవరుకి చెవి ఆనించి నిలబడ్డాను.

"ఇక్కడికి ఎవరూ రాలేదే," అంది ముసలావిడ. "ఈ వారం వస్తానని వాడు చెప్పనూ లేదు. ఏం, పోట్లాడుకున్నారా?"

వెర్నా రిసీవరు పెట్టేసింది. ఏడవలేదు. రోవీ గదిలోకి వెళ్ళి, చలికోటు తగిలించే ఖాళీ కొక్కెం ముందు నిలబడి, "నాకు శిక్ష వేయాలంటే నన్ను చంపొచ్చు కదా" అంది. సినిమాలో జడ్జి భార్యకి రైలు ఖాయం చేశారని శుక్రవారమే తెలిసింది మాకు. అదెంత తేలికో ఆ కొక్కెం చూస్తుంటే అర్థమైంది నాకు. పోలీసులకి చెబుదామా అన్నాను. ఏమని చెబుతాం? తండ్రి కూతుర్ని కార్లో తీసుకెళ్ళాడనా?

వెలుతురు తగ్గింది. దీపం వేయాలని ఎవరికీ తోచలేదు. వెర్నా సింకు దగ్గర నిలబడి, కడిగిన ప్లేటునే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది. అప్పుడు పెరట్లో గులకరాళ్ళు మళ్ళీ కరకరమన్నాయి. జాలీ తలుపు కిర్రుమంది. పిడి తిరిగింది. క్లైడే మళ్ళీ వచ్చాడనుకుని నేను మూకుడు చేతిలోకి తీసుకున్నాను.

"నాన్నా, గడియ వేసుంది," అంది రోవీ గొంతు.

పిడి వదిలిన చప్పుడైంది.

"మంచిది," అన్నాడు ఆర్విన్. "ముందునుంచి వెళ్దాం పద."

పిల్ల బూట్ల నిండా ఇసకతో వచ్చి తల్లి నడుం కరుచుకుంది. సముద్రం దగ్గరికి వెళ్ళామనీ, అంతకుముందు వీధి చివర కార్లో కూర్చుని చాలాసేపు ఐస్‌క్రీం తిన్నామనీ, నాన్న తన ఐస్‌క్రీం తినకుండా కరగబెట్టేశాడనీ ఒకటే వాగుడు. బేకర్స్‌ఫీల్డ్ ఊసే లేదు.

"చేతులు కడుక్కో రోవీ," అన్నాడు ఆర్విన్.

చేతిలో ఉన్న చలికోటు తీసుకెళ్ళి దాని కొక్కానికి తగిలించి వచ్చాడు. నన్ను చూసి రోజూలాగే తల ఊపాడు. తర్వాత రేడియో దగ్గరికి వెళ్ళి మీట పట్టుకున్నాడు. ఠక్కున కట్టేయలేదు. నిదానంగా, మెల్లమెల్లగా, పాట పూర్తిగా ఆగిపోయేదాకా తగ్గించాడు. సింకు దగ్గర వెర్నా చేతిలో ప్లేటు అలాగే ఆగిపోయింది.

"భోజనానికి ఏముంది?" అని అడిగాడు.